క్యాడ్ ల్యాబ్‌లో తెలిసినవారు, తెలియనివారు ఒకే బ్యాచ్‌లో ఉంటే పాఠం ఎలా నడపాలి?

మీ ప్రశ్నను ముందుగా నాకు అర్థమైన తీరులో చెబుతాను. మీరు ఈ ఏడాదే వరంగల్ దగ్గరి ఒక ఇంజినీరింగ్ కళాశాలలో చేరారు. మెకానికల్ రెండో సంవత్సరం క్యాడ్ ల్యాబ్, అంటే కంప్యూటర్ మీద డ్రాయింగులు గీయడం నేర్పే ల్యాబ్, మీకు అప్పగించారు. ముప్పై మంది బ్యాచ్‌లో పద్దెనిమిది మంది ఇంటర్ ఎంపీసీ నుంచి వచ్చినవారు, పది మంది పాలిటెక్నిక్ డిప్లొమా చేసి ఈసెట్ రాసి నేరుగా రెండో సంవత్సరంలో చేరినవారు, మిగిలిన ఇద్దరు ఐటీఐ చేసి, కొంతకాలం వర్క్‌షాపులో పనిచేసి, ఆ తరువాత డిప్లొమా పూర్తిచేసి వచ్చినవారు. మూడు గంటల ల్యాబ్‌లో కొందరు అరగంటకే షీటు ముగించి ఫోన్ తీస్తున్నారు, మరికొందరు మూడు గంటలు గడిచినా మొదటి వృత్తం దగ్గరే ఆగిపోతున్నారు. బ్యాచ్‌ను రెండుగా విడగొట్టాలా, లేక ఇలాగే నడపడానికి దారి ఉందా అని అడిగారు.

విడగొట్టవద్దు. విద్యార్థి స్థాయిని అతనికి సాఫ్ట్‌వేర్ ఎంత వచ్చునో చూసి కట్టకండి, డ్రాయింగ్ ఎంత చదవగలడో చూసి కట్టండి. అందరికీ ఒకే వస్తువు ఇచ్చి, పని లోతును మాత్రం మార్చండి. మార్కుల్లో సగం, గీసినదాన్ని మార్చమన్నప్పుడు అది చెదరకుండా నిలిచినందుకు ఇవ్వండి. ఈ మూడూ చేస్తే మీరు చెప్పిన ఇబ్బంది పూర్తిగా పోదు గానీ, ల్యాబ్ నడవడానికి అడ్డు రాని స్థాయికి తగ్గుతుంది. నేను హనుమకొండలో ఇరవై ఏళ్లకు పైగా క్యాడ్ నేర్పుతున్నాను. అంతకు ముందు మంచిర్యాల వైపు ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో నాలుగేళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉన్నాను. ఇక్కడ చెప్పేదంతా ఆ రెండు పనుల్లో చూసినదే.

విడగొట్టవద్దని అనడానికి కారణం, నేను ఒక ఏడాది విడగొట్టి చూడటమే. ఉదయం బ్యాచ్‌లో సాఫ్ట్‌వేర్ వచ్చినవారిని, మధ్యాహ్నం బ్యాచ్‌లో రానివారిని కూర్చోబెట్టాను. మధ్యాహ్నం పూట పక్కవాడిని అడిగే వీలు ఎవరికీ లేకుండా పోయింది. గీత కొసను సరిగ్గా పట్టుకునే ఓస్నాప్ ఆగిపోయిందనీ, గీత వేరే లేయర్‌లో, అంటే వేరే పొరలో పడిందనీ, చుక్కల గీత మామూలు గీతలా కనబడుతోందనీ, ఇలా అర నిమిషంలో తేలే ప్రతి సందేహానికీ నా కోసమే చేతులు లేచేవి, నేను పదిహేను కంప్యూటర్ల మధ్య పరిగెత్తేవాణ్ని. ఉదయం బ్యాచ్ ఐదు వారాల్లో మాన్యువల్ ముగించింది. కానీ వారి ప్రింట్లు తీసి చూస్తే, మొదటి వారంలో ఉన్న తప్పులే ఐదో వారంలోనూ ఉన్నాయి. తప్పు అని చెప్పేవారు లేరు, పైగా తమను తెలిసినవారి గుంపులో కూర్చోబెట్టారు గనుక తమకు వచ్చుననే వారు నమ్మారు. ఇంకొక నష్టం కూడా జరిగింది. మధ్యాహ్నం బ్యాచ్‌కు పిల్లలు పెట్టుకున్న పేరు ఏడాదంతా అంటుకుని ఉంది, ఆ పేరు ఇక్కడ రాయను.

అనుభవం ఉన్నవారు అని మనం అనుకునేవారి చేతిలో నిజంగా ఏముంటుందో చూడాలి. వేగం ఉంటుంది. ఆ వేగంతో పాటు అలవాట్లు కూడా ఉంటాయి, అందులో కొన్ని మాన్పించవలసినవి. అన్ని గీతలూ జీరో లేయర్‌లోనే వేయడం, ఒక గీత మీద మరొక గీత పడినా గమనించకపోవడం, మూలల్లో కంటికి కనబడని సందు వదిలి ఆ తరువాత హ్యాచ్ (లోపల నింపే వాలు గీతలు) పడటం లేదని సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకోవడం తరచూ కనబడతాయి. వీటన్నిటి కంటే ప్రమాదకరమైన అలవాటు, కొలత సరిపోకపోతే గీతను సరిచేయకుండా డైమెన్షన్ మీద డబుల్ క్లిక్ చేసి కావలసిన అంకెను టైప్ చేయడం.

ఈ చివరిదాని గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే అది నాకు ఖరీదైన పాఠం. ఫ్యాబ్రికేషన్ షాపులో ఉన్నప్పుడు 12 మిల్లీమీటర్ల మందం బేస్ ప్లేట్లకు డ్రాయింగ్ అడిగారు. నాలుగు బోల్టు రంధ్రాలు, మధ్య దూరం 140. పాత డ్రాయింగులో ఆ దూరం 137 ఉంది. సాయంత్రమైంది, లారీ వేచి ఉంది. రంధ్రాలను జరపకుండా అంకెను మాత్రం 140 అని మార్చి ప్రింట్ ఇచ్చాను. ఆ ప్రింట్ చూసి మనిషి మార్కింగ్ చేసి ఉంటే ఏమీ జరిగేది కాదు, ఎందుకంటే మనిషి అంకెను చదువుతాడు. కానీ ప్లేట్లు బయట సీఎన్‌సీ కటింగ్‌కు, అంటే కంప్యూటర్ నడిపే కోత యంత్రానికి వెళ్లాయి. డ్రాయింగ్ ఆ యంత్రం చదివే డీఎక్స్‌ఎఫ్ ఫైలుగా వెళ్లింది. యంత్రం డైమెన్షన్ మీది అంకెను చదవదు, గీత ఎక్కడ ఉందో అక్కడే కోస్తుంది. ఇరవై నాలుగు ప్లేట్లు 137తో వచ్చాయి. ఒక్క బోల్టు కూడా దిగలేదు. అప్పటికి నాకు ఆటోక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో మూడేళ్ల అనుభవం ఉంది. ఆ రోజు మీ ల్యాబ్‌లో కూర్చుని ఉంటే నేను కూడా అరగంటలో షీటు ముగించి ఫోన్ తీసేవారిలోనే ఉండేవాణ్ని.

కనుక మొదటి రోజు కంప్యూటర్ ముట్టనివ్వకండి. నేను మొదటి ల్యాబ్‌ను కాగితం మీదనే నడుపుతాను. మూడు పనులు ఇస్తాను. ఒకటి, ఒక వస్తువు ముందు నుంచి కనబడే ఫ్రంట్ వ్యూ, పై నుంచి కనబడే టాప్ వ్యూ ఇచ్చి, పక్క నుంచి కనబడే సైడ్ వ్యూను చేత్తో గీయమంటాను. రెండు, మూడు వ్యూలూ ఉన్న షీటులో కావాలనే ఒక తప్పు పెట్టి కనుక్కోమంటాను. సాధారణంగా నేను పెట్టే తప్పు, టాప్ వ్యూను ఫ్రంట్ వ్యూకు పైన వేసి, షీటు మూలలో మాత్రం ఫస్ట్ యాంగిల్ గుర్తు ఉంచడం. మన దేశంలో భారత ప్రమాణాల సంస్థ ఎస్‌పీ 46 పుస్తకం ప్రకారం, వ్యూలను షీటు మీద అమర్చడానికి ఫస్ట్ యాంగిల్ పద్ధతి వాడతాం, అందులో టాప్ వ్యూ కింద రావాలి. పైన వస్తే అది థర్డ్ యాంగిల్. మూడో పని ఆలుగడ్డ. ఒక్కొక్కరికి ఒక ఆలుగడ్డ, ఇద్దరికి ఒక కత్తి ఇచ్చి, బోర్డు మీది మూడు వ్యూలకు సరిపడేలా కోయమంటాను. పిల్లలు నవ్వుతారు. కానీ రెండు వ్యూలను చూసి వస్తువును మనసులో నిలబెట్టుకోలేని విద్యార్థి ఎవరో ఆలుగడ్డ దగ్గర పది నిమిషాల్లో బయటపడతాడు, కంప్యూటర్ దగ్గర పది వారాలైనా పడడు. ఎందుకంటే అక్కడ పక్కవాడి స్క్రీన్ చూసి అదే గీత గీసే వీలు ఉంటుంది.

ఈ పరీక్ష తరువాత మీరు అనుకున్న వరుస తారుమారు అవుతుంది. డిప్లొమా నుంచి వచ్చినవారిలో చాలామంది వ్యూలు బాగా చదువుతారు, అయితే కమాండ్లు బట్టీపట్టి గట్టెక్కినవారు కూడా అందులో కొందరుంటారు. ఇంటర్ నుంచి వచ్చినవారు మొదటి సంవత్సరంలో ఇంజినీరింగ్ గ్రాఫిక్స్ చదివే ఉంటారు. వారిలో నిజంగా షీట్లు వేసినవారూ ఉంటారు, అద్దం కింద లైటు పెట్టి సీనియర్ షీటు మీద నుంచి దించినవారూ ఉంటారు. ఐటీఐ ఫిట్టర్‌గా చేసిన అన్నలు మౌస్ పట్టుకోవడంలో నెమ్మదిగా ఉన్నా, ఆలుగడ్డను మాత్రం అందరికంటే ముందు కోసి టేబుల్ మీద పెడతారు. నేను ఈ ఫలితాన్ని ఎవరికీ చదివి వినిపించను, మార్కులు వేయను. నా నోటుబుక్కులో పేరు పక్కన ఒక గుర్తు పెట్టుకుంటాను, అంతే.

ఇప్పుడు ఒకే వస్తువు అన్న మాటకు వస్తాను. రెండో సంవత్సరం మెకానికల్ వారికి నేను ఎంచుకునేది ప్లమ్మర్ బ్లాక్. పెద్దపల్లి, కరీంనగర్, జమ్మికుంట వైపు నుంచి వచ్చే పిల్లల్లో ఎవరో ఒకరి ఊరిలో రైస్ మిల్లు ఉంటుంది. అక్కడ షాఫ్ట్‌ను మోసే బేరింగ్ పెట్టెను వారు చూసి ఉంటారు. అందులో బాడీ, పైమూత, షాఫ్ట్‌ను చుట్టి రెండు సగాలుగా ఉండే బ్రాసులు, రెండు బోల్టులు, నట్లు ఉంటాయి. బాడీ, పైమూత గీయడం తేలిక నుంచి మధ్యస్థం. బ్రాసులు చూడటానికి చిన్నవే గానీ, వాటి అంచులు, తిరగకుండా ఆపే స్నగ్ జాగ్రత్తగా గీయవలసినవి. అన్నీ కలిపి అసెంబ్లీ చేసి, మధ్యకు కోసినట్టు లోపలిది చూపే సెక్షన్ తీసి, విడిభాగాల పట్టిక వేయడం అనుభవం ఉన్నవారి పని.

ఇందులో ఒక కిటుకు ఉంది. అనుభవం ఉన్నవారికి ఇంకో నాలుగు షీట్లు అదనంగా ఇస్తే అది శిక్షలా ఉంటుంది, వారు నెమ్మదిగా పనిచేయడం నేర్చుకుంటారు. అసెంబ్లీ వారికి ఇస్తే, వారి పని పక్కన కూర్చున్న కొత్తవారి బాడీ ఫైలు మీద ఆధారపడుతుంది. అది సరిపోకపోతే అసెంబ్లీ కూర్చోదు. అప్పుడు వారు ఆ కొత్త విద్యార్థి దగ్గరికి వెళ్లి తీరాలి. ఇక్కడే నా ల్యాబ్‌లో ఒక్క కఠినమైన నియమం ఉంది. ఇంకొకరి మౌస్ ముట్టుకోకూడదు. తప్పు కనిపిస్తే ఆ డ్రాయింగ్‌ను ఏ3 షీటు మీద ప్రింట్ తీసి, ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి, కారణం ఒక వాక్యంలో తెలుగులోనైనా సరే రాసి ఇవ్వాలి. పరిశ్రమలో చెకర్ చేసే పని ఇదే. వేగం ఉన్న విద్యార్థి మౌస్ లాక్కుని రెండు నిమిషాల్లో సరిచేసి ఇచ్చాడంటే ఆ బ్యాచ్‌లో ఎవరికీ ఏమీ రాలేదన్నమాట. కారణం రాయమంటే మాత్రం, తనకు నిజంగా తెలిసింది ఎంతో అతనికే తెలిసిపోతుంది. మొదటి వారం ఎర్ర పెన్ను కాగితాల మీద "ఇది తప్పు" అని మాత్రమే ఉంటుంది. నాలుగో వారానికి "సెంటర్ లైన్ లేదు, రంధ్రం ఎక్కడి నుంచి కొలవాలి?" అని వస్తుంది.

ప్లమ్మర్ బ్లాక్‌లో పైమూతకూ బాడీకీ మధ్య చిన్న సందు వదులుతారు. బ్రాసులు అరిగినప్పుడు బోల్టులు బిగించి మూతను దించడానికి ఆ సందు అవసరం. ప్రతి ఏడాదీ ఒకరిద్దరు, అందులో సాఫ్ట్‌వేర్ బాగా వచ్చినవారే, దాన్ని తప్పనుకుని మూసేసి తెస్తారు. ఒకసారి అలా మూసిన డ్రాయింగ్‌ను వర్క్‌షాపు అనుభవమున్న విద్యార్థి చూసి, "దీన్ని రేపు అరిగినంక ఎట్ల బిగిస్తవు తమ్మీ?" అని అడిగాడు. అప్పటివరకు అతనికి మౌస్ సరిగా రాదని నవ్వినవారు ఆ తరువాత నవ్వలేదు.

ప్రతి గుంపుకూ మిగతావారి దగ్గర లేనిది ఒకటి ఉంటుందని గుర్తించడం కూడా అవసరమే. ఫిట్టర్ పని చేసినవారికి ఫిట్లు, అంటే రంధ్రంలో షాఫ్ట్ ఎంత వదులుగా లేదా బిగుతుగా కూర్చోవాలన్నది తెలుసు. 25 హెచ్7/జి6 అని రాసి ఉంటే రంధ్రం 25.000 నుంచి 25.021 వరకు, షాఫ్ట్ 24.980 నుంచి 24.993 వరకు ఉండవచ్చనీ, మధ్యలో కనీసం 0.007, గరిష్ఠంగా 0.041 మిల్లీమీటర్ల వదులు ఉంటుందనీ బోర్డు మీద లెక్క వేసి చూపించినప్పుడు, ఆ వదులు చేతికి ఎలా తెలుస్తుందో నేను చెప్పలేను, వారు చెప్పగలరు.

ఇంటర్ నుంచి వచ్చినవారి బలం గణితం. త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో స్కెచ్‌ను, అంటే మోడల్‌కు ఆధారమైన గీతల బొమ్మను, ఏదీ కదలకుండా కొలతలతో పూర్తిగా బిగించడం (ఫుల్లీ డిఫైన్ చేయడం) డిప్లొమా వారికి విసుగు పుట్టించే విషయం. ఆటోక్యాడ్‌లో గీసిన గీత గీసినచోటే ఉంటుంది గనుక దాన్ని మళ్లీ కట్టేయడం ఎందుకో వారికి తోచదు. ఇంటర్ వారికి నేను ఇలా చెబుతాను. మీరు గణితం 2బిలో వృత్త సమీకరణం చదివారు. అందులో జి, ఎఫ్, సి అని మూడు స్థిరాంకాలు ఉన్నాయి, మూడూ తెలిస్తేనే వృత్తం తెలుస్తుంది. స్కెచ్‌లోని వృత్తానికీ మూడే స్వేచ్ఛలు: కేంద్రానికి రెండు నిరూపకాలు, ఒక వ్యాసార్ధం. గీతకు రెండు కొసలు, కొసకు రెండు నిరూపకాలు, మొత్తం నాలుగు. దీర్ఘచతురస్రానికి నాలుగు మూలలు గనుక ఎనిమిది స్వేచ్ఛలు. రెండు గీతలు అడ్డంగా, రెండు నిలువుగా ఉండాలని కట్టేస్తే నాలుగు పోతాయి. మిగిలిన నాలుగు ఏవి? పొడవు, వెడల్పు, అది ఎక్కడ ఉందో చెప్పే రెండు కొలతలు. ఈ లెక్క చెప్పాక, త్రీడీ సాఫ్ట్‌వేర్లయిన సాలిడ్‌వర్క్స్‌లో స్కెచ్ నీలం నుంచి నలుపుకు మారడం, ఫ్రీక్యాడ్‌లో ఆకుపచ్చగా మారడం వారికి మంత్రంలా అనిపించదు. ఈ ఒక్క పాఠంలో మాత్రం డిప్లొమా వారు ఇంటర్ వారిని అడిగి తెలుసుకుంటారు. ఈసెట్ ద్వారా వచ్చిన పిల్లలు తరగతి గదిలో గణితం దగ్గరా, ఇంగ్లీషు దగ్గరా కాస్త తలదించుకుని కూర్చుంటారని మీరూ గమనించి ఉంటారు. క్యాడ్ ల్యాబ్ వారు తలెత్తుకునే చోటు. దాన్ని వారి నుంచి తీసేయకుండానే, అక్కడ కూడా అడగవలసింది ఉందని చూపించాలి.

జతలు కట్టేటప్పుడు అందరికంటే ముందున్నవారిని అందరికంటే వెనుక ఉన్నవారితో కూర్చోబెట్టవద్దు. మొదట్లో నేను అలాగే చేసేవాణ్ని. ముందున్నవాడికి ఓపిక పోయేది, వెనుకున్నవాడికి అడగాలంటే సిగ్గు. నోటుబుక్కులో ఒక్క మెట్టు తేడా ఉన్నవారిని కలపండి, మూడు వారాలకోసారి మార్చండి.

డెమో గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చదు. ప్రొజెక్టర్ మీద నేను ఒక క్లిక్ చేస్తే ముప్పై మంది అదే క్లిక్ చేయడం అనే పద్ధతిని పూర్తిగా మానేశాను. అలా చేస్తే తరగతి వేగం అందరికంటే నెమ్మదైనవాడి వేగం అవుతుంది, పిల్లలు నేర్చుకునేది కూడా బొత్తం ఎక్కడుందో మాత్రమే. బొత్తాలు నిలవవు. ఆటోక్యాడ్ 2009లో రిబ్బన్ అనే బొత్తాల పట్టీ వచ్చి పాత మెనూలు చెదిరిపోయాయి. 2021 వెర్షన్ నుంచి, గీతను కత్తిరించే ట్రిమ్ కమాండ్ తీరే మారింది. అంతకుముందు కోసే అంచును ఎంచుకుని ఎంటర్ కొట్టి, ఆ తరువాత పోవలసిన గీతను ఎంచుకునేవారు, ఇప్పుడు నేరుగా గీత మీద క్లిక్ చేస్తే పోతుంది. పాత వెర్షన్ మీద డిప్లొమా చేసినవారు కొత్తదాని ముందు కూర్చుని, అంచు ఎంచుకోబోతే అదే మాయమైపోయిందని నన్ను పిలుస్తారు. ట్రిమ్‌ఎక్స్‌టెండ్‌మోడ్ అనే సెట్టింగ్ విలువను సున్నా చేస్తే పాత తీరు తిరిగి వస్తుంది, కానీ నేను చేయనివ్వను, కొత్తదానికే అలవాటు పడమంటాను. ఇప్పుడు నా డెమో పన్నెండు నిమిషాలు. ఆ సేపు ఎవరి చేయీ కీబోర్డు మీద ఉండదు. ఆ రోజు కావలసిన కమాండ్ల పొట్టి అక్షరాలు ఒక కాగితం మీద అచ్చు వేసి అందరికీ ఇస్తాను. మిగతా సమయమంతా వారిదే.

అసలైన మందు మార్కుల దగ్గర ఉంది. విద్యార్థి షీటు ముగించి ఇచ్చిన రోజు సగం మార్కులు, మార్పు పరీక్ష రోజు మిగతా సగం. ప్లమ్మర్ బ్లాక్ మోడల్ ఇచ్చేసిన వారం తరువాత, షాఫ్ట్ వ్యాసం 50 నుంచి 60కి మార్చమంటాను. పదిహేను నిమిషాల సమయం. బ్రాసుల లోపలి వ్యాసం, బయటి వ్యాసం, బాడీలోని గుంత, బోల్టుల మధ్య దూరం అన్నీ దానితో కదలాలి. ఆలోచించి కట్టిన మోడల్ అయితే ఒకటి రెండు కొలతలు మార్చగానే సర్దుకుంటుంది. తోచినచోట గుంత, తోచినచోట అంచు పెట్టుకుంటూ పోయిన మోడల్, తప్పు జరిగిందని సాఫ్ట్‌వేర్ చూపే ఎర్ర గుర్తులతో నిండిపోతుంది. వేగం వల్ల వచ్చే ఆధిక్యం ఇక్కడ పనిచేయదు. పోయినసారి అందరికంటే ముందు ముగించిన కుర్రవాడి మోడల్ విరిగింది, మూడు ల్యాబ్‌లు తీసుకుని, ప్రతి స్కెచ్‌నూ నల్లబడేదాకా వదలని అమ్మాయి మోడల్ నిలిచింది. ఆ కుర్రవాడు మరుసటి వారం ఫోన్ తీయలేదు.

రెండు కొలతల ఆటోక్యాడ్ డ్రాయింగ్‌కూ ఇదే పరీక్ష పెట్టవచ్చు. బోల్టు రంధ్రాల దూరాన్ని, గీతలను సాగదీసే స్ట్రెచ్ కమాండ్‌తో 140 నుంచి 160కి మార్చమనండి. డైమెన్షన్ సరిగా వేసి ఉంటే అంకె దానంతట అదే 160 అవుతుంది. చేత్తో టైప్ చేసినదైతే గీత కదిలినా అంకె 140 దగ్గరే నిలబడి పట్టిస్తుంది. నా ఇరవై నాలుగు ప్లేట్ల కథను ఆ రోజే చెబుతాను, అంతకుముందు చెబితే వినరు.

సాఫ్ట్‌వేర్ అవసరం లేకుండా అందరినీ ఒకే మెట్టు మీదకు తెచ్చే ఒక పాఠం మన ఊరిలోనే ఉంది. రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడికి పిల్లలను తీసుకువెళ్లి, లేదా ఫోటో చూపించి, ఒక స్తంభాన్ని కింద నుంచి పైకి చదవమంటాను. ఎక్కడ చదరంగా ఉంది, ఎక్కడ గుండ్రంగా ఉంది? చదరంగా ఉన్న భాగం ఎక్స్‌ట్రూడ్, అంటే బొమ్మను నిలువుగా లాగి కట్టడం; గుండ్రంగా తిరిగిన భాగం రివాల్వ్, అంటే అంచును అక్షం చుట్టూ తిప్పి కట్టడం. రివాల్వ్ చేయడానికి సగం అంచు గీస్తే చాలు, అక్షం ఎక్కడ? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి కమాండ్ రానక్కరలేదు. ఏ క్రమంలో కట్టాలో కాగితం మీద రాసుకున్నాకే కంప్యూటర్ ముందుకు రానిస్తాను. మీకు ఒక్క రోజు బస్సు దొరికితే తప్పక చేయండి.

సివిల్ బ్యాచ్ మీకు వస్తే చిక్కు వేరే చోట ఉంటుంది. సైట్‌లో పనిచేసి వచ్చినవారు అడుగులు, అంగుళాల్లో ఆలోచిస్తారు, పుస్తకం మీటర్లలో ఉంటుంది. 200 గజాల ప్లాటు, అంటే 30 అడుగులకు 60 అడుగులు, అందరికీ తెలిసినదే. దాన్నే 9.144 మీటర్లకు 18.288 మీటర్లుగా మొదటి షీటులో వేయించండి. కొత్త ఫైలు తెరిచేటప్పుడు అంగుళాల టెంప్లేట్ ఒకటి, మిల్లీమీటర్ల టెంప్లేట్ ఒకటి విడిగా ఉంటాయని ఆ రోజే చూపించకపోతే, ఒకరి ఫైలు మరొకరి ఫైలులో పెట్టినప్పుడు ఇల్లు 25.4 రెట్లు పెరిగి కూర్చుంటుంది.

సాఫ్ట్‌వేర్ లైసెన్సుల గురించి కూడా ఒక మాట చెబుతాను. ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్ విద్యార్థులకు ఏడాది చొప్పున ఉచితంగా ఇస్తుంది, విద్యార్థి అని నిరూపించుకోవాలి. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉన్నవారికి ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్ చెప్పండి. 2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షన్‌లో, ముందు వేసిన స్కెచ్‌ను మారిస్తే, దాని మీద తరువాత కట్టిన భాగాలు ఆధారం కోల్పోయే పాత జబ్బు చాలావరకు తగ్గింది, కనుక మార్పు పరీక్షకు కూడా పనికివస్తుంది.

కొన్ని హెచ్చరికలు కూడా చెప్పాలి. మీ దగ్గర అరవై మందికి ఒక్కరే ఉపాధ్యాయులైతే ఎర్ర పెన్ను పద్ధతి తప్ప మిగతావి పూర్తిగా సాగవు. అప్పుడు మార్పు పరీక్షను నెలకోసారి పెట్టండి. యూనివర్సిటీ ల్యాబ్ పరీక్ష గడియారం పెట్టి జరుగుతుంది గనుక, చివరి రెండు వారాలు వేగం కోసమే కేటాయించాలి. నేను ఒక ఏడాది అది మరిచిపోతే, నిదానంగా మంచి మోడల్ కట్టే పిల్లలే నష్టపోయారు. ఇక నేను విడిగా కూర్చోబెట్టే గుంపు ఒక్కటే ఉంది. ఫోన్ మీదే పెరిగి, ఫైలును ఏ ఫోల్డర్‌లో పెట్టామో, ఏ పేరుతో పెట్టామో తెలియనివారు ఇప్పుడు ఏటా పెరుగుతున్నారు. వారికి మొదటి వారంలో ల్యాబ్ ముగిశాక నాలుగు రోజులు, రోజుకు గంట, ఫోల్డర్లూ, ఫైలు పేర్లూ, పెన్‌డ్రైవ్, ప్రింట్ తీయడం మాత్రమే చెబుతాను. అందులో డిప్లొమా వారు కూడా ఒకరిద్దరు వచ్చి వెనుక కూర్చుంటారు, నేను చూసీ చూడనట్లు ఉంటాను.

మీరు ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టనక్కరలేదు. వచ్చే ల్యాబ్‌కు ముందు మీ మాన్యువల్‌లోని మోడళ్లను మీరే ఒకసారి కట్టి, ఒక్కొక్క దాంట్లో ఒక ముఖ్యమైన కొలతను మార్చి చూడండి. విరిగినవాటిని పక్కన పెట్టి, నిలిచినవాటితో మార్పు పరీక్ష మొదలుపెట్టండి. నేను మొదటిసారి అలా చూసినప్పుడు నా మాన్యువల్‌లోని పద్నాలుగింటిలో ఆరు విరిగాయి. ఆ ఆరూ అంతకుముందు ఎనిమిదేళ్లుగా నేను పిల్లలకు మాదిరిగా చూపించినవే.